ఆరు కెమెరాలు, ఒక్క టీవీ: పొలంలో కెమెరాలన్నీ ఒకే తెర మీద చూసే పద్ధతి

ఈసారి జీవామృతం, ఘనజీవామృతం సంగతి కాదు. మా పొలంలో పెట్టుకున్న సీసీ కెమెరాల గురించి చెప్తాను. వైరింగ్ ఎలా చేశామో వీడియోలో చూపించాను. వీడియోలో లెక్కలు చెప్పే టైమ్ దొరకలేదు, అందుకే అవి ఇక్కడ రాస్తున్నాను. కెమెరాలు కొనే ముందు ఒకసారి చదవండి. ఇప్పటికే కొన్నవాళ్లు కూడా చదవండి, ఎందుకంటే నేను అన్నీ కొన్నాకే నేర్చుకున్నాను.

మాది నల్గొండ జిల్లా. బత్తాయి తోట, నాలుగు నాటు ఆవులు, నాటు కోళ్లు, నెయ్యి-బత్తాయి ప్యాకింగ్ చేసే చిన్న గది. ఇల్లు పొలంలోనే. మూడేళ్లలో ఒక్కొక్కటిగా ఆరు కెమెరాలు అయ్యాయి. కొట్టంలో రెండు, అవి పాత రకం, కేబుల్‌తో డీవీఆర్‌కి కలిపినవి. కోళ్ల షెడ్డులో ఒక వైఫై కెమెరా. బోరు దగ్గర కేబుల్ దొంగతనం అయ్యాక అక్కడ ఇంకొకటి. గేటు దగ్గర సిమ్ కార్డు వేసే కెమెరా. ప్యాకింగ్ గదిలో ఒక ఫ్రెండ్ ఇచ్చిన కెమెరా. ఆరు కెమెరాలకి నా ఫోన్‌లో నాలుగు యాప్‌లు! ఒకటి తెరిస్తే ఇంకొకటి మూయాలి. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్.

అలా ఉండగా పోయిన కార్తీకంలో మా గౌరి ఈనింది. తొలిచూలు. నెలలు నిండాయని తెలుసు, పొదుగు కూడా దిగింది. రాత్రి పదకొండు గంటలకి ఫోన్‌లో చూసి, పడుకునే ఉందిలే అని నేనూ పడుకున్నాను. తెల్లారి వెళ్లేసరికి దూడ చచ్చిపోయి ఉంది. ముందుకాలు ఒకటి లోపలికి మడతపడి అడ్డం తిరిగింది. తర్వాత డీవీఆర్‌లో రికార్డింగ్ వెనక్కి తిప్పి చూశాను. ఒంటిగంట నలభైకి ఉమ్మనీటి సంచి పగిలింది. అప్పటి నుంచి ఆవు లేస్తోంది, పడుకుంటోంది, ముక్కుతోంది. మూడు గంటల పైన కెమెరా అంతా స్పష్టంగా రికార్డు చేసింది. చూసిన మనిషి మాత్రం లేడు. నీటి సంచి పగిలాక గంట, గంటన్నర గడిచినా దూడ కాళ్లు, మూతి బయటికి రాకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలని నేను డిప్లొమాలో చదువుకున్నవాణ్ణే.

మరి యాప్ అలర్ట్ ఇవ్వలేదా అంటారేమో. అలర్ట్‌లు నేనే ఆపేశాను. రాత్రి కెమెరా చుట్టూ వెలిగే ఐఆర్ లైటు దగ్గరికి పురుగులు చేరతాయి, సాలీడు గూడు కడుతుంది. అవి కదిలినప్పుడల్లా 'మోషన్' అంటూ ఫోన్ మోగుతుంది. రాత్రికి వంద సార్లు మోగితే ఎవరైనా ఆపేస్తారు.

అన్నీ ఒకే తెర మీద, ఇంట్లో అందరికీ కనపడేలా పెట్టాలన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది.

ముందు ఏ కెమెరా ఏ జాతో తెలుసుకోండి

ఒకే తెర మీదికి తేవాలంటే మొదట మీ కెమెరా ఎలా మాట్లాడుతుందో తెలియాలి. గుండ్రటి బీఎన్‌సీ పిన్నుతో, నల్ల కేబుల్ మీద వచ్చేది అనలాగ్ కెమెరా. దానికి డీవీఆర్ కావాలి. నెట్ కేబుల్‌తో గానీ వైఫైతో గానీ వచ్చేది ఐపీ కెమెరా, దానికి ఎన్‌వీఆర్ కావాలి. రెండు రకాలూ ఉన్నవాళ్లకి హైబ్రిడ్ డబ్బాలు దొరుకుతాయి, షాపుల్లో ఎక్స్‌వీఆర్ అని అడగండి. నేను 8 ఛానళ్ల ఎక్స్‌వీఆర్ తీసుకున్నాను. ఇలాంటి చాలా మోడళ్లలో వాడని అనలాగ్ ఛానల్‌ని సెట్టింగ్స్‌లో ఐపీ ఛానల్‌గా మార్చుకోవచ్చు. మా కొట్టంలోని రెండు పాత కెమెరాలు అలాగే ఉన్నాయి, మిగతా నాలుగూ ఐపీ ఛానళ్లు.

వేరే కంపెనీ వైఫై కెమెరా ఇందులోకి వస్తుందా? దాని డబ్బా మీద గానీ యాప్ సెట్టింగ్స్‌లో గానీ 'ఆన్‌విఫ్' లేదా 'ఆర్‌టీఎస్‌పీ' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే వస్తుంది. కెమెరా, ఎక్స్‌వీఆర్ రెండూ ఒకే రౌటర్ కింద ఉండాలి. ఎక్స్‌వీఆర్‌లో కెమెరా యాడ్ చేసే చోట సెర్చ్ కొడితే ఐపీ అడ్రసు కనపడుతుంది. ప్రోటోకాల్ ఆన్‌విఫ్ అని పెట్టి, కెమెరా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. కొన్ని వైఫై కెమెరాల్లో ఆన్‌విఫ్‌కి వేరే పాస్‌వర్డ్ యాప్‌లోనే పెట్టుకోవాలి. నేను దీని దగ్గరే ఒక పూట పోగొట్టుకున్నాను. ఇంకో సంగతి, రౌటర్‌లో ఆ కెమెరా ఐపీ అడ్రసు మారకుండా రిజర్వ్ చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రసు మారి, ఆ గడి నల్లగా ఉండిపోతుంది.

ఆ రెండు మాటలూ లేని కెమెరా అయితే దాని సొంత యాప్‌లో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఫ్రెండ్ ఇచ్చిన కెమెరా అదే రకం. దాన్ని తీసేసి ప్యాకింగ్ గదికి వేరేది కొన్నాను.

సిమ్ కెమెరాని అయితే ఈ పనికి వదిలేయండి. అది మీ రౌటర్ కింద ఉండదు, నేరుగా టవర్‌కి పోతుంది, అందుకని ఎక్స్‌వీఆర్‌కి దొరకదు. డేటా లెక్క కూడా చూడండి. సెకనుకి అర మెగాబిట్ చొప్పున, అంటే తక్కువ క్వాలిటీలోనే, 24 గంటలూ తెర మీద ఆడిస్తే రోజుకి 5 జీబీ దాటుతుంది. మన రీచార్జి రోజుకి జీబీన్నర, రెండు జీబీలు. మధ్యాహ్నానికే అయిపోతుంది. ఇంటికి దూరంగా ఉన్న పొలంలో, అప్పుడప్పుడు తెరిచి చూసుకోవడానికి సిమ్ కెమెరా మంచిదే. ఎప్పుడూ కనపడుతూ ఉండాలంటే కాదు.

ఇక్కడే ఇంకో మాట. కెమెరాలన్నీ ఎక్స్‌వీఆర్‌కి కలిసి, ఎక్స్‌వీఆర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిస్తే, టీవీలో చూడటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రౌటర్ ఆన్‌లో ఉంటే చాలు. వర్షం పడి నెట్ పోయిన రాత్రి కూడా కొట్టం కనపడుతూనే ఉంటుంది. నెట్ కావాల్సింది బయట ఊళ్లో ఉండి ఫోన్‌లో చూడటానికే.

బొమ్మ వస్తుంది, కరెంటే రాదు

గేటు కెమెరా కథ చెప్పాలి. గేటు ఇంటికి 90 మీటర్లు. సిమ్ కెమెరా కంటే ముందు అక్కడ అనలాగ్ కెమెరానే పెట్టించాను. పెట్టినాయన 3+1 కేబుల్ లాగి, ఇంటి దగ్గరి 12 వోల్టుల సప్లై నుంచే కరెంటు ఇచ్చాడు. పగలు బొమ్మ అద్దంలా ఉండేది. చీకటి పడగానే మినుకు మినుకు మంటూ ఆరిపోయేది, మళ్లీ వచ్చేది, మళ్లీ పోయేది. కెమెరా పాడైందని మార్చారు. కొత్తదీ అంతే. ఇంకోసారి మార్చారు, డబ్బులు నావి. విసిగిపోయి సిమ్ కెమెరా కొన్నాను.

చాలా రోజుల తర్వాత మోటారు పని కోసం మల్టీమీటర్ కొన్నప్పుడు, ఊరికే ఆ పాత కేబుల్ చివర పెట్టి చూశాను. కెమెరా తగిలించి ఉండగా పగలు 10 వోల్టుల పైన ఉంది. రాత్రి ఐఆర్ లైట్లు వెలగగానే 7 దగ్గరికి పడింది. అప్పుడు అర్థమైంది.

డ్రిప్ వాడేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సన్న పైపుని వంద మీటర్లు లాగితే చివరి చెట్టుకి నీళ్లు అందవు. 3+1 కేబుల్‌లో కరెంటు తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. 90 మీటర్లు పోయి, 90 మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 180 మీటర్ల తీగ, అడ్డం సుమారు 15 ఓములు. పగలు కెమెరా ఒకటిన్నర వాట్లు తీసుకుంటే రెండు వోల్టుల లోపే పోతుంది. రాత్రి ఐఆర్‌తో కలిపి నాలుగు వాట్లు అయితే ఐదు వోల్టులు దారిలోనే పోతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే ఇంకా ఎక్కువ పోతుంది. కేబుల్ కొనేటప్పుడు కొస గోకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అది రాగి కాదు.

బొమ్మ సంగతి వేరు. మంచి రాగి కో-యాక్సియల్ కేబుల్ మీద అనలాగ్ బొమ్మ 200 మీటర్లు కూడా పోతుంది. అందుకే మెకానిక్‌లు దూరం సమస్య కాదనుకుంటారు. దీనికి రెండు దారులున్నాయి. కెమెరా దగ్గరే 230 వోల్టులు ఉంటే అక్కడే ఒక 12 వోల్టుల అడాప్టర్ పెట్టడం ఒకటి. రెండు వేర్వేరు చోట్ల నుంచి కరెంటు ఇచ్చినప్పుడు బొమ్మ మీద అడ్డ చారలు పైకి పాకుతుంటే అది ఎర్త్ తేడా, దానికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది. రెండో దారి పీఓఈ. అంటే నెట్ కేబుల్‌లోనే బొమ్మా, కరెంటూ రెండూ పోతాయి. అక్కడ సుమారు 48 వోల్టులు పంపుతారు. వోల్టేజి నాలుగింతలు కాబట్టి అదే పనికి ఆంపియర్లు నాలుగో వంతే చాలు, దారిలో వేడిగా పోయే కరెంటు పదహారో వంతుకి పడిపోతుంది. నెట్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. మా గేటు 90 కాబట్టి సరిపోయింది. బయట వేసే రకం క్యాట్-6 కేబుల్, పీవీసీ పైపులో పెట్టి, అడుగు లోతున పూడ్చాం. ఎలుకలు కొరకకుండా పైపు రెండు కొసలూ మూయండి.

బోరు 250 మీటర్లు. అంత దూరం కేబుల్ లాగడం దండగ, పైగా పిడుగుల భయం. అక్కడికి రెండు చిన్న రేడియో డబ్బాలు పెట్టాం, ఒకటి ఇంటి మీద, ఒకటి బోరు దగ్గర గడ కర్రకి. ఒకదానికొకటి ఎదురుగా కనపడాలి. మొదట పది అడుగుల ఎత్తులో పెడితే బత్తాయి కొమ్మలు అడ్డొచ్చి బొమ్మ ఆగి ఆగి వచ్చింది, ఇరవై అడుగులకి లేపితే సర్దుకుంది. కరెంటు సోలార్. కెమెరా, రేడియో కలిసి 10 వాట్లు అనుకుంటే రోజుకి 240 వాట్-అవర్లు. 40 వాట్ల ప్యానెల్ చాలదు. 100 వాట్ల ప్యానెల్, 40 ఏహెచ్ బ్యాటరీ పెట్టాను. ముసురు పట్టిన రెండో రోజుకి ఆగిపోతుంది, అది నిజం. దాన్ని భరించాలి.

తెరని ఎలా పంచుకోవాలి

పెద్ద టీవీ కొంటే బొమ్మ స్పష్టంగా వస్తుందని అనుకుంటాం. సైజు కంటే చుక్కల లెక్క ముఖ్యం. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. నాలుగు గడులు చేస్తే ఒక్కో కెమెరాకి 960 బై 540. తొమ్మిది గడులు చేస్తే 640 బై 360. పదహారు చేస్తే 480 బై 270, అందులో మనిషా ఆవా అని తెలుస్తుంది గానీ ఆవు తోక ఎత్తిందా లేదా తెలియదు. మీ కెమెరా 5 మెగాపిక్సెల్ అయినా సరే, గడిలో కనపడేది అంతే. పాత 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలు 1366 బై 768 మాత్రమే, వాటిలో నాలుగు గడులకి మించి పెట్టకండి.

ఆరు కెమెరాలకి నాకు నచ్చింది '1+5' అమరిక. ఒక పెద్ద గడి, దాని పక్కన, కింద ఐదు చిన్న గడులు. పెద్ద గడి 1280 బై 720 వస్తుంది, చిన్నవి 640 బై 360. చూడి ఆవు ఉన్నప్పుడు కొట్టం పెద్ద గడిలో పెడతాం. బత్తాయి కోతల టైమ్‌లో గేటుని పెద్ద గడిలోకి మారుస్తాం. కెమెరాలు ఒకటి తర్వాత ఒకటి తిరిగే 'సీక్వెన్స్' అనే పద్ధతి కూడా ఉంది. నేను వద్దంటాను. మనం చూసే క్షణానికి కావాల్సిన కెమెరా తెర మీద ఉండదు.

గడులు ఏ వరసలో పెట్టాలి? నేను మొదట కెమెరా 1, 2, 3 అని నంబర్ల ప్రకారం పెట్టాను, ఇంగ్లీషులో పేర్లు రాశాను. మా అమ్మ చూసి, "అరేయ్, ఇండ్ల మన కొట్టం ఏదిరా?" అంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆ డబ్బాలో తెలుగు అక్షరాలు పడవు. అప్పుడు వరస మార్చాను. మా ఇంటి వరండాలో నిలబడి పొలం వైపు చూస్తే ఎడమన ఏముందో అది తెరకి ఎడమన, కుడిన ఉన్నది కుడిన. ఇప్పుడు పేర్లు ఎవరికీ అక్కర్లేదు.

టీవీ పెట్టేటప్పుడు ఒక చిక్కు వచ్చింది, మీకూ రావచ్చు. షాపులో వాళ్ల మానిటర్ మీద బాగా కనపడిన ఎక్స్‌వీఆర్ ఇంటికి తెచ్చి టీవీకి పెడితే 'నో సిగ్నల్' అంది. డబ్బా నుంచి వచ్చే రిజొల్యూషన్ టీవీకి పట్టనంత ఎక్కువ పెట్టి ఉంది. షాపులోనే 1080కి, చిన్న టీవీ అయితే 720కి మార్పించుకొని తెచ్చుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్ల లోపే ఉంచండి.

హార్డ్ డిస్క్ లెక్క తొందరగా చెప్పేస్తాను. ఒక కెమెరాకి సెకనుకి 1 మెగాబిట్ పెడితే రోజుకి 10.8 జీబీ. ఆరింటికి 64.8. ఒక టీబీ డిస్క్‌లో 15 రోజులు నిలుస్తుంది. 2 మెగాబిట్‌లు పెడితే అందులో సగం రోజులే. హెచ్.265 ఉంటే 1 మెగాబిట్‌తో కూడా 2 మెగాపిక్సెల్ బొమ్మ మా పనికి సరిపోతోంది. కంప్యూటర్ నుంచి తీసిన పాత డిస్క్ వేయకండి, సీసీటీవీ కోసం చేసినవే తీసుకోండి. ఎక్స్‌వీఆర్‌ని కొట్టంలోనో షెడ్డులోనో పెట్టకండి. దొంగ కెమెరాని చూసి భయపడడు, డబ్బా ఎత్తుకుపోతాడు. మాది ఇంట్లో బీరువా పక్కన ఉంది.

తెర ఎక్కడ పెట్టాలి, ఏది కనపడకూడదు

టీవీ నా గదిలో పెట్టి ఉంటే మళ్లీ నేనొక్కణ్ణే చూసేవాణ్ణి. వరండాలో, అమ్మ కూర్చుని బియ్యం ఏరుకునే చోటికి ఎదురుగా పెట్టాం. నాన్నకి రాత్రి రెండు మూడు సార్లు లేచే అలవాటు. లేచినప్పుడల్లా తెర వైపు ఒక చూపు చూస్తాడు. అంతకుముందు చూడి ఆవు ఉంటే బ్యాటరీ లైటు పట్టుకొని కొట్టానికి పోయేవాడు. చలికాలం, వానాకాలం, పాముల భయం, ఆ వయసులో మాకు నచ్చేది కాదు గానీ వినేవాడు కాదు.

తెర వరండాలో పెట్టాక వారానికి ఒక సంగతి తెలిసింది. మా దగ్గర ఉండి పనిచేసే అన్న, వదినల గది కొట్టం పక్కనే. కొట్టం రెండో కెమెరాలో ఒక మూలకి వాళ్ల గుమ్మం, నీళ్ల తొట్టి పడుతున్నాయి. అన్నాళ్లూ ఫోన్‌లో నేనొక్కణ్ణే చూసేవాణ్ణి, పట్టించుకోలేదు. ఇప్పుడు వరండాకి వచ్చిన ప్రతివాడికీ కనపడుతోంది. వదిన తెల్లవారుజామున చీకటితోనే స్నానం చేసి వస్తోందని అమ్మ గమనించి అడిగితే, అప్పుడు చెప్పిందట. నాతో ఎలా చెప్తుంది? నాకు చాలా సిగ్గేసింది. ఆ రోజే కెమెరాని తిప్పాను. అయినా గుమ్మం అంచు పడుతుంటే, సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ మాస్క్' అని ఉంటుంది, ఆ భాగం మీద నల్ల గడి గీశాను. అది రికార్డింగ్‌లో కూడా నల్లగానే ఉంటుంది. ప్యాకింగ్ గది కెమెరాకి మైకు ఉంది, అదీ ఆపేశాను, ఆడవాళ్లు పనిచేస్తూ మాట్లాడుకునే మాటలు నాకెందుకు. మీరు కెమెరాలు పెడుతుంటే, తెర మీద ఏం కనపడుతుందో పనివాళ్లని పిలిచి ముందే చూపించండి. కెమెరా బిగించే రోజే చేయాల్సిన పని ఇది. నేను మూడేళ్లు ఆలస్యం చేశాను.

మాఘమాసంలో మా లక్ష్మి ఈనింది. మూడు రాత్రులు కొట్టం పెద్ద గడిలోనే ఉంది. మూడో రాత్రి రెండున్నరకి నాన్న లేపాడు. నీటి సంచి కనపడుతోంది. నేను, అమ్మ కుర్చీలు వేసుకొని తెర ముందు కూర్చున్నాం. డాక్టర్ గారి నంబరు తెరిచి పెట్టుకున్నాను. అరగంటలో రెండు కాళ్లు, వాటి మీద మూతి కనపడ్డాయి. మేము చేయాల్సింది ఏమీ రాలేదు, కొట్టానికి పోయింది దూడకి బొడ్డు దగ్గర టింక్చర్ అయోడిన్ పెట్టడానికే. అమ్మ మాత్రం ఆవు దూడని నాకుతున్నంతసేపూ తెర ముందు నుంచి లేవలేదు.

ఇక రోజువారీ పనులు. ఆదివారం కర్రకి మెత్తటి గుడ్డ కట్టి కెమెరాల మీద సాలీడు గూళ్లు దులుపుతాను. నెలకోసారి ఒక పాత తేదీ రికార్డింగ్ తెరిచి, నిజంగా రికార్డు అవుతోందా, టైమ్ సరిగ్గా ఉందా చూస్తాను. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్‌ని మొదటి రోజే మార్చాను, మీరూ మార్చండి. టీవీ, ఎక్స్‌వీఆర్, రౌటర్, కెమెరాలు కలిపి మాకు 60 వాట్ల చుట్టూ పడుతోంది, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మీద దాదాపు రాత్రంతా నడుస్తుంది. పిడుగుల వాన వస్తే మాత్రం కొట్టం కేబుళ్లని డబ్బా నుంచి పీకేస్తాం.

పీఓఈ కేబుల్‌కి కొసలు ఎలా బిగించాలో, తీగల రంగుల వరస ఏంటో వీడియోలో దగ్గరగా చూపించాను. సోలార్ బిగింపు వచ్చే వీడియోలో.